పని కోసం ఎదురుచూసేవాళ్ళు మా నెట్ సెంటర్లో అడిగే ప్రశ్నలు

గుంటూరు నుంచి సత్తెనపల్లి పోయే రోడ్డు మీద మాదొక చిన్న నెట్ సెంటరు. జెరాక్సు, హాల్ టికెట్లు, కుల ధ్రువీకరణ, ఉద్యోగ దరఖాస్తులు. ఒకే మనిషి ఒకే ఉద్యోగానికి నాలుగైదేళ్ళకోసారి దరఖాస్తు పెట్టుకోవడానికి రావడం, వచ్చినప్పుడల్లా ఫొటోలో జుట్టు కాస్త పలచబడి ఉండడం ఇక్కడ మామూలే. వాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నలూ కౌంటరు దగ్గర నిలబడి అడిగే మాటల్ని ఒకచోట రాసిపెట్టాను. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. అందుకని అన్ని పార్టీల వాళ్ళకీ ఇందులో ఎక్కడో ఒకచోట మండుతుంది.

బీటెక్ అయి నాలుగేళ్ళయింది అన్నా. ప్రభుత్వ లెక్కల్లో నేను నిరుద్యోగినేనా?

కాకపోవచ్చు తమ్ముడూ. పన్నెండు నెలలో అంతకు పైనో పని వెతికినా దొరకనివాణ్ణి దీర్ఘకాలిక నిరుద్యోగి అంటారని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. ఆ లెక్కన నువ్వు పక్కా. మన దేశంలో మాత్రం 2017 నుంచి జరుగుతున్న శ్రామిక శక్తి సర్వే ఉంది. అందులో వారం రోజుల లెక్క ఒకటి, ఏడాది లెక్క ఒకటి. వారం లెక్కలో, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే. ఏడాది లెక్కలో, ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా ముప్పై రోజులు ఏదో ఒకటి చేసుంటే పనిలో ఉన్నవాళ్ళ కిందే రాసుకుంటారు. కూలి చేతికి రాకపోయినా ఫరవాలేదు, నాన్న మిరప చేలో నువ్వు నీళ్ళు కట్టిన రోజులు కూడా పనిరోజులే.

అందుకే 2023-24కి దేశం మొత్తం మీద నిరుద్యోగం 3.2 శాతమే అని వచ్చింది. అంకె అబద్ధం కాదు, అడిగిన ప్రశ్న అలాంటిది. అంకెను ఎప్పుడు చెబుతారన్నది ఇంకో సంగతి. 2017-18కి 6.1 శాతం అని తేలిన లెక్క 2019 మే 31న బయటికొచ్చింది, అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన మర్నాడు.

ఊళ్ళో వాడే మాట ఇంకా ఖచ్చితంగా ఉంటుంది. "మావాడు ఖాళీగా ఉంటున్నాడు" అంటారు. పని అసలే చెయ్యడం లేదని కాదు, చేస్తున్నది ఎవరి లెక్కలోనూ పడడం లేదని.

కూలీలు దొరకట్లేదని రైతులు మొత్తుకుంటుంటే, కుర్రాళ్ళకు పని లేదంటారేంది?

రెండూ నిజమే. ఈ కౌంటరు దగ్గర ఎక్కువ గొడవలు జరిగేది దీని మీదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

జనవరి వచ్చిందంటే మా వైపు మిరప కోతలు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లల్ని వేసుకుని లారీల్లో దిగుతాయి. సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చామంటారు వాళ్ళు. చేల పక్కన పట్టాలు కప్పిన గుడిసెలు వేసుకుని మూడు నెలలు ఉంటారు. కిలోకింత అని కోత కూలి. అక్కడ వాళ్ళ బడులు ఖాళీ అవుతాయి, ఇక్కడ మన చేలు నిండుతాయి. అదే సమయంలో మా ఊరి కుర్రాళ్ళు రచ్చబండ మీద ఫోన్లు చూసుకుంటుంటారు. చూసేవాడికి బద్ధకంలాగే కనిపిస్తుంది.

కానీ ఆ కోత పని ఏడాదిలో మూడు నాలుగు నెలలు. మిగతా నెలల్లో ఒకప్పుడున్న పని ఇప్పుడు లేదు. వరికి కోత మిషన్లొచ్చాయి, ఒక పూటలో ఊరి పొలం సగం ఊడ్చేస్తాయి. కలుపు మందొచ్చి ఆడవాళ్ళ కలుపు కూలి తినేసింది. డెల్టాలో నాట్ల బదులు వెదజల్లడం పెరిగింది. సాగర్ కుడి కాలువకు నీళ్ళు రాని ఏడు పల్నాడు వైపు ఆ మాత్రం పనీ ఉండదు. మిరపకు తెగులొచ్చినా అంతే. 2021లో నల్ల తామరపురుగు పడ్డప్పుడు కొయ్యడానికి కాయే లేక చేలు దున్నేసినవాళ్ళున్నారు. ధర పడినా కూలీకే దెబ్బ. 2025 మొదట్లో మిర్చి యార్డులో రేటు పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. అది రైతుకు ఏ మేరకు అందిందన్నది రైతులే చెప్పాలి. ఆఖరి కోత కొయ్యకుండా వదిలేసిన చేలో కూలి పోయినవాళ్ళ గురించి మాత్రం ఏ పార్టీ ధర్నా చెయ్యలేదు.

ఇక బీటెక్ వాడు మిరప కోతకు ఎందుకు పోడు అంటారా? వాళ్ళమ్మ పోతోంది కాబట్టి. అమ్మ కోసిన కాయల కూలితోనే వాడి కోచింగ్ ఫీజు కట్టారు. వాడు చేలోకి దిగిన రోజున ఆ ఫీజు వృథా అయిందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టు. ఒప్పుకోవడానికి ఆమెకే మనసు రాదు.

ఉపాధి పని అడిగితే లేదంటున్నారు. ఏం చెయ్యాలి బాబాయ్?

నోటితో అడిగారా, కాగితం ఇచ్చారా? ముందు అది చెప్పమ్మా.

ఈ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే మన రాష్ట్రంలో, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఇప్పటికీ మా ఊళ్ళో ముసలివాళ్ళు దాన్ని "కరువు పని" అనే అంటారు. పాత రోజుల్లో కరువొస్తే సర్కారు దయతలచి చెరువులు తవ్వించేది, ఆ పేరే ఉండిపోయింది. ఇది దయ కాదు. 2005 చట్టం ప్రకారం కుటుంబానికి ఏడాదికి 100 రోజులు అడిగి తీసుకునే పని. దరఖాస్తు ఇచ్చిన పదిహేను రోజుల్లో పని చూపించాలి. ఐదు కిలోమీటర్లు దాటి పంపితే పది శాతం అదనం. పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి ముప్పై రోజులకు కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. అంటే ఊరికే కూర్చోబెట్టినందుకు రోజుకు 76 రూపాయల 75 పైసలు.

ఆ 76 రూపాయలు తీసుకున్న మనిషి మీకు తెలుసా? నా కౌంటరు ముందు ఇంతవరకూ నిలబడలేదు. కారణం చిన్నది. పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? దరఖాస్తు ఇచ్చినట్టు తేదీ వేసిన రసీదు నుంచి. ఆ రసీదు ఇవ్వరు. "పని మొదలైనప్పుడు మేమే పిలుస్తాం, మేట్‌కి పేరు చెప్పి పో" అంటారు. మేట్ అంటే కూలీల గుంపు పెద్ద. పేరు చెబితే పని అడిగినట్టు కాదు, రాసుకున్నట్టూ కాదు. ఎండాకాలంలో మస్టర్లు, అంటే పని హాజరు పట్టీలు, తీస్తారు, వానాకాలం ఉండవు. "ఇక్కడ ఎవరూ పని అడగలేదు" అని పై అధికారులకు లెక్క వెళ్తుంది.

దీని వెనక డబ్బు లెక్క ఉంది. 2005 చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, పని ఇవ్వకపోతే కట్టాల్సిన భృతి రాష్ట్రానిది. పని ఇస్తే ఢిల్లీ ఖజానా నుంచి, ఇవ్వకపోతే అమరావతి ఖజానా నుంచి. కాబట్టి రాష్ట్రాలు తప్పకుండా పని ఇస్తాయని చట్టం రాసినవాళ్ళు అనుకున్నారు. రసీదే ఇవ్వకపోతే రెండూ తప్పించుకోవచ్చని కింది ఆఫీసులు కనిపెట్టాయి.

కొత్త చట్టంలో 125 రోజులంట కదా, మంచిదే కదా?

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది. పేరులోంచి మహాత్మాగాంధీ పోయాడు, వికసిత భారత్ వచ్చింది. రోజులు 125. పదిహేను రోజుల గడువు, భృతి మాటలు అందులోనూ ఉన్నాయి. పేరు మీద అరుచుకోవడంతో అందరూ అలిసిపోయారు గానీ అసలు మార్పు పేరులో లేదు.

ఒకటి, కొత్త చట్టం ప్రకారం ఖర్చులో అరవై పాళ్ళు కేంద్రం, నలభై పాళ్ళు రాష్ట్రం. రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే కేటాయిస్తుంది, దాన్ని దాటితే ఆ భారం రాష్ట్రానిదే. పని ఇచ్చినా జేబు చిల్లే, ఇవ్వకపోయినా చిల్లే అయినప్పుడు, జీతాలకే వెతుక్కునే ప్రభుత్వం ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి. 125 అన్నది పై హద్దే. 100 రోజులున్నప్పుడే వంద పూర్తి చేసిన కుటుంబం ఊళ్ళో అరుదు.

రెండు, విత్తనాలు, కోతల కాలంలో అరవై రోజుల దాకా ఉపాధి పని ఆపొచ్చు. రైతులు చాలాకాలంగా అడుగుతున్నది ఇదే, వాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ ఆ అరవై రోజుల్లో మిరప కోతకు పోయే మనిషికి బేరమాడే బలం పోతుంది. ఉపాధి పని ఉంటే "కిలోకి రెండు రూపాయలు పెంచు, లేకపోతే కరువు పనికి పోతా" అనగలదు. మా వైపు రైతు సంఘాలూ, వ్యవసాయ కూలీ సంఘాలూ ఒకే ఎర్రజెండా కింద ఉండి కూడా ఈ ఒక్క విషయంలో చూపులు తిప్పుకుంటాయి.

రాజకీయంగా చూస్తే, 16 మంది ఎంపీలతో తెలుగుదేశం ఢిల్లీ ప్రభుత్వానికి ఒక స్తంభం. నలభై శాతం భారం పడిన రాష్ట్రాన్ని ఏలుతున్నదీ ఆ పార్టీయే. ఎవరిని నిలదియ్యాలో కూలీకి తెలియకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

నెలకు 3,000 నిరుద్యోగ భృతికి లింకు ఏది?

వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కకండి. ఆధార్, ఓటీపీ ఇచ్చి ఖాతా ఊడ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. ప్రభుత్వం ఇస్తే పత్రికల్లో వస్తుంది, సచివాలయం గోడ మీద అంటిస్తారు, నా అద్దం మీద నేనే అంటిస్తాను.

చరిత్ర ఏందంటే: 2018 అక్టోబరు 2న తెలుగుదేశం ప్రభుత్వం యువనేస్తం పేరుతో డిగ్రీ, డిప్లొమా చదివిన 22 నుంచి 35 ఏళ్ళవాళ్ళకు నెలకు వెయ్యి మొదలుపెట్టింది. ఎన్నికల ముందు దాన్ని రెండు వేలు చేశారు. 2019లో ప్రభుత్వం మారింది, పథకం పోయింది. 2024 ఎన్నికల్లో తెలుగుదేశం వాళ్ళు సూపర్ సిక్స్ అనే ఆరు హామీల్లో ఇరవై లక్షల ఉద్యోగాలు, లేదంటే నెలకు మూడు వేల భృతి అన్నారు. ఇక్కడ ఆ "లేదంటే" అన్న మాట చూడండి. ఉద్యోగం ఎప్పటిలోగా రాకపోతే భృతి మొదలవుతుందో చెప్పలేదు. పదిహేను రోజులని గడువు రాసిన చట్టమే ఎగ్గొడుతున్నప్పుడు, గడువే లేని హామీని పట్టుకుని అడగడం ఎట్లా?

ఇస్తే తీసుకోవడం తప్పు కాదు. రాజకీయ నాయకుడికి పింఛను ఉన్నప్పుడు పని దొరకని కుర్రాడికి బస్సు చార్జీలు ఉంటే నేరమేం కాదు.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఇంకా పనికొస్తుందా?

ఉంచుకోండి, గడువులోపు రెన్యువల్ చేయించండి. దానివల్ల ఉద్యోగం వస్తుందని కాదు. నువ్వు ఫలానా తేదీ నుంచి పని అడుగుతున్నావని సర్కారు ముద్రతో ఉన్న కాగితం అదొక్కటే. రేపు ఏ పథకమైనా "ఎప్పటి నుంచి నిరుద్యోగి?" అంటే చూపించుకోవచ్చు.

డీఎస్సీ మళ్ళీ ఎప్పుడు? ఇంకో రెండేళ్ళు చదవమంటారా, వదిలెయ్యమంటారా?

ఈ ప్రశ్నకు నేను న్యాయంగా జవాబు చెప్పలేను, ముందే చెప్తున్నాను. 2008, 2012 డీఎస్సీలు నేనూ రాశాను. అవనిగడ్డలో గది తీసుకుని, ఒక్కపూట మెస్సులో తిని, రెండో పూట అరటిపళ్ళతో సరిపెట్టి చదివాను. రెండోది కూడా పోయాక ఈ సెంటరు పెట్టాను. ఇప్పుడు సీజన్‌లో నాకు అన్నం పెట్టేది డీఎస్సీ దరఖాస్తులే. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

తారీఖులు చూసుకోండి. 2014 తర్వాత 2018. ఆ తర్వాత ఆరేళ్ళు ఏమీ లేదు. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు గుమ్మంలో ఉండగా, వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం 6,100 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. జూన్‌లో ప్రభుత్వం మారింది, చంద్రబాబు మొదటి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద పెట్టారు, పాతది రద్దయింది. ప్రకటన 2025 ఏప్రిల్‌లో, నియామక పత్రాలు సెప్టెంబరులో. మూడు లక్షల పైచిలుకు మంది రాశారు. ఉద్యోగం వచ్చినవాళ్ళ ఇళ్ళలో పండగే, కాదనను. రానివాళ్ళు ఎంతమందో తీసివేత వేసుకోండి.

ఈ డీఎస్సీకి గరిష్ఠ వయసు 44 ఏళ్ళకు పెంచారు. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఇంటికెళ్ళి పడుకున్నాక నిద్ర పట్టలేదు. నలభై నాలుగేళ్ళ మనిషిని "అభ్యర్థి" అని పిలవడానికి ఒక ప్రభుత్వం జీవో ఇవ్వాల్సి వచ్చిందంటే, ఇరవై రెండో ఏట నుంచి ఆ మనిషి ఎక్కడున్నట్టు?

నీ ప్రశ్నకొస్తే: చదువు, కానీ చదువుతూ చేసే పని ఒకటి చూసుకో. ప్రైవేటు బడిలో పాఠం చెప్పినా సరే. ప్రకటన వచ్చేది నీ చదువు అయినప్పుడు కాదు, వాళ్ళ ఓట్ల లెక్క కుదిరినప్పుడు. ఏ పార్టీ అయినా ఏటా ఒకే తేదీకి, ఖాళీ అయినన్ని పోస్టులకు పరీక్ష పెడతానని చట్టం చేస్తే ఈ జబ్బు సగం నయమవుతుంది. జాబ్ క్యాలెండరు అన్న మాట అందరూ వాడారు, క్యాలెండర్లో తేదీలు వెయ్యడమే మరిచిపోయారు.

నేను వాలంటీరుగా చేశాను. అది అనుభవం కింద చూపించుకోవచ్చా?

2019 ఆగస్టు 15న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం వాలంటీర్లను పెట్టింది, నెలకు 5,000. రెండున్నర లక్షల మంది. జీతం కాదు, గౌరవ వేతనం అన్నారు. ఆ మాట దగ్గరే దెబ్బ తిన్నారు. 2024 ఎన్నికల ముందు కొందరితో రాజీనామాలు చేయించారు, అటువైపు తెలుగుదేశం వాళ్ళు మేమొస్తే పదివేలు ఇస్తామన్నారు, వచ్చాక కొనసాగించలేదు. రెండు పార్టీలకూ వాళ్ళు కావలసింది ఎన్నికల వరకే. ఏళ్ళ తరబడి ఇంటింటికీ పింఛను మోసినవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఒక్క అనుభవ పత్రం లేదు. గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతాలో పడిన గౌరవ వేతనం ప్రింటు జతచేసి దరఖాస్తులో రాయండి. ప్రైవేటు వాళ్ళు చూస్తారు, ఫీల్డు పనికి మీకంటే ఊరు తెలిసినవాళ్ళు ఎవరుంటారు?

అదే సమయంలో పరీక్ష పెట్టి తీసుకున్న సచివాలయ ఉద్యోగాలు, లక్షా ఇరవై వేలకు పైన, నిలబడ్డాయి. ప్రభుత్వం మారినా పోలేదు. తేడా అర్థమైంది కదా.

రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి, మా ఊళ్ళవాళ్ళకు పని దొరకదా?

దొరుకుతుంది, అందరూ అనుకున్నంత కాదు. 2015లో 29 గ్రామాల్లో ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా సమీకరించారు. భూమి ఇచ్చినవాళ్ళకు ప్లాట్లు, ఏటా కౌలు. భూమి లేని కూలి కుటుంబాలకు నెలకు 2,500 పింఛను, పదేళ్ళు. కృష్ణ ఒడ్డు జరీబు నేలల్లో అరటి, పూలు, కూరగాయలు ఏడాది పొడుగునా పండేవి. కూలీకి ఏడాది పొడుగునా పని. ఆ పనికి 2,500 అని ఎవరు లెక్క కట్టారో గానీ, ఆ మనిషి మల్లెపూలు కోసిన రకం కాదు. తర్వాత 2019లో మూడు రాజధానులన్నారు, పనులాగిపోయాయి. చేలూ లేవు, కట్టడాలూ లేవు, ముళ్ళకంప మిగిలింది. ఇప్పుడు క్రేన్లు మళ్ళీ లేచాయి, ఆ క్రేన్ల కింద పనిచేసేది ఎక్కువగా బిహార్, బెంగాల్, ఒడిశా కుర్రాళ్ళు. వాళ్ళ మీద కోపం వద్దు. కోసిగి నుంచి మన మిరప చేలకు వచ్చినట్టే వాళ్ళూ వచ్చారు. వాళ్ళ ఊళ్ళో కూడా ఏదో ఒక రసీదు ఎవరో ఇవ్వలేదు.

డెబ్బై ఐదు శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న చట్టం?

2019లో చేశారు. హరియాణా ఇలాంటిదే చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. మన దగ్గర దాన్ని చూపించి ఉద్యోగం తెచ్చుకున్నవాడు నాకు తగల్లేదు. వదిలెయ్యండి.

మా కోడలు డిగ్రీ చదివింది. ఇంట్లోనే ఉంటుంది. ఆమెకేమన్నా ఉందా?

ఆమె లెక్కల్లో నిరుద్యోగి కూడా కాదమ్మా. పని వెతకడం లేదు కాబట్టి శ్రామిక శక్తిలోంచే తీసేస్తారు. బస్సు సాయంత్రం ఆరు దాటితే ఉండదని, గుంటూరు బట్టల షాపులో జీతం చార్జీలకే పోతుందని వెతకడం మానేసిందన్నది ఏ గడిలోనూ పట్టదు. డ్వాక్రా సంఘంలో చేర్పించండి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో టైలరింగ్ లాంటివి ఉచితం, భోజనం, వసతి వాళ్ళదే. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ముందు డిపాజిట్ కట్టమనే ప్రకటనలు మాత్రం నూటికి నూరూ మోసం.

సొంతంగా ఏదన్నా పెట్టుకుంటానంటే పీఎంఈజీపీ ఉంది, చిన్న యూనిట్లకు బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. పల్లెల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 35 శాతం సబ్సిడీ, చేతి నుంచి ఐదు శాతం. సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది. సబ్సిడీ చూసి షెడ్డు వెయ్యకండి, సరుకు ఎవరు కొంటారో చూసి వెయ్యండి.

రసీదు అడిగితే "నువ్వేమన్నా లాయరువా" అన్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

నలుగురు కలిసి వెళ్ళండి. ఒక్కరు అడిగితే పొగరు, పదిమంది అడిగితే శ్రమశక్తి సంఘం. అయినా ఇవ్వకపోతే అదే కాగితం ఎంపీడీవోకి రిజిస్టరు పోస్టులో పంపండి, పోస్టాఫీసు చీటీ మీద తేదీ ఉంటుంది. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు. సామాజిక తనిఖీ జరిగే రోజున ఆ చీటీ, ఆ నంబరు గ్రామసభలో చదివించండి, మినిట్స్‌లో రాయించండి.

దరఖాస్తు రాసిపెట్టడానికి ఎంత తీసుకుంటారు?

ఉద్యోగ దరఖాస్తులకు బోర్డు మీద రేటుంది. పని అడిగే కాగితానికి ఏమీ తీసుకోను. జాబ్ కార్డు, ఆధార్ తెచ్చుకోండి, రెండు కాపీలు తీస్తాను. ఒకటి వాళ్ళకు, ఒకటి మీ సంతకంతో మీ దగ్గరే. మధ్యాహ్నం రెండు నుంచి మూడింటి దాకా కరెంటు ఉండదు, ఆ టైములో రావద్దు.